వల వెయ్యకుండా కొనే బేరం: ఒక క్లెయిమింగ్ రేసు కేసు

నేపథ్యం

భీమవరం చుట్టుపక్కల ఊరు. తండ్రికి అరవై దాటాయి, వనామీ రొయ్యల చెరువులు చేస్తారు, కొంత సొంతం, కొంత కౌలు. కొడుకు పదేళ్ళకు పైగా అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అతనూ, మరో ముగ్గురు తెలుగు స్నేహితులూ తలా 6,000 డాలర్లు వేసుకుని ఒక రేసు గుర్రం కొనాలనుకున్నారు. అబ్బాయి వాటా ఇల్లు కొనుక్కోవడానికి దాచిన డబ్బులోంచి వస్తోంది. ఆ సంగతి తెలిసి తండ్రి నాకు ఫోన్ చేశారు.

నేను పశువైద్యుణ్ణి. చాలా ఏళ్ళు రేసు గుర్రాల కాళ్ళు చూశాను. ఇప్పుడు డెల్టాలో గేదెలూ ఆవులే ఎక్కువ, గుర్రం ఎప్పుడో ఒకటి. కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఊరు, ట్రాక్, గుర్రాల పేర్లు తీసేశాను, గుర్తుపట్టే అంకెలు కొద్దిగా సర్దాను. గుర్రాన్ని ముట్టుకోకుండా, నడిపించి చూడకుండా కొనాల్సినప్పుడు దేని మీద ఆధారపడి ఆలోచించాలన్నది ఈ కేసులో బాగా తేటపడింది. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళ నుంచి ఇలాంటి ప్రశ్నలు మళ్ళీ రావచ్చు కాబట్టి వివరంగానే చెబుతాను.

ముందు పద్ధతి తెలియాలి. మన మలక్‌పేటలో గుర్రాలను రేటింగ్‌ను బట్టి తరగతులుగా విడగొట్టి, బరువులు కట్టి సమానం చేస్తారు. అమెరికాలో జరిగే రేసుల్లో పెద్ద భాగం క్లెయిమింగ్ రేసులు. అక్కడ సమానం చేసే పని ధర చేస్తుంది. పదివేల డాలర్ల క్లెయిమింగ్ రేసు అంటే, అందులో పరుగెత్తే ప్రతి గుర్రమూ ఆ ధరకు అమ్మకానికి ఉన్నట్టే. లైసెన్సు, ట్రాక్ ఖాతాలో డబ్బు ఉన్నవాళ్ళు రేసుకు ముందు ఒక స్లిప్ నింపి పెట్టెలో వేస్తే చాలు, యజమాని ఒప్పుకోవాల్సిన పని లేదు. యాభై వేల గుర్రాన్ని పదివేల రేసులో దింపి సులువుగా గెలుద్దామంటే ఎవరో ఎత్తుకుపోతారు. ఆ భయమే రేసును నిజాయితీగా ఉంచుతుంది.

స్లిప్ గడువు చాలా ట్రాక్‌లలో రేసు మొదలవడానికి 15 నిమిషాల ముందే ముగుస్తుంది. వేశాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఒకే గుర్రానికి ఇద్దరు ముగ్గురు స్లిప్పులు వేస్తే చీటీ తీస్తారు. ఆ రేసులో వచ్చే బహుమతి డబ్బు పాత యజమానిదే, గుర్రం మాత్రం కొత్తవాళ్ళది. ముందుగా ఎక్స్‌రే అడగడం, కాలు తడిమి చూడటం కుదరదు.

సమస్య

అబ్బాయి ఒక గుర్రాన్ని ఎంచుకునే నాతో మాట్లాడాడు. దాన్ని మొదటి గుర్రం అందాం. అయిదేళ్ళ వయసు, విత్తులు కొట్టిన మగది, ఆరు ఫర్లాంగుల రేసుల్లో దిట్ట. ఆరు ఫర్లాంగులంటే దాదాపు 1,200 మీటర్లు. నాలుగు నెలల క్రితం ప్రస్తుత యజమాని దాన్ని 25,000 డాలర్లకు క్లెయిమ్ చేశాడు. తర్వాత 30,000 స్థాయి రేసులో రెండోది వచ్చింది. ఆ పైన రెండు నెలలకు పైగా విరామం. ఇప్పుడు ఉన్నట్టుండి 12,500 రేసులో పేరుంది.

"సగం ధరకి వస్తోంది అంకుల్, ఇలాంటి ఛాన్స్ మళ్ళీ రాదు" అన్నాడు. అతని దగ్గర ఇంకో వాదన కూడా ఉంది. అమెరికాలో బాగా పేరున్న రేసు కెంటకీ డెర్బీని 2022లో 80కి 1 అంచనాతో గెలిచిన రిచ్ స్ట్రైక్‌ను అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో 30,000 డాలర్లకు క్లెయిమ్ చేశారు. 1943లో 1,500 డాలర్లకు క్లెయిమ్ చేసిన స్టైమీ తొమ్మిది లక్షల డాలర్ల పైన సంపాదించింది. 2004లో 50,000కి తీసుకున్న లావా మ్యాన్ యాభై లక్షల డాలర్లు దాటింది.

ఇవన్నీ నిజాలే. అందుకే వాటిని కొట్టిపారేయకుండా రిచ్ స్ట్రైక్ సంగతి ఒక్కటీ తీసుకుని మాట్లాడాం. రెండేళ్ళ పిల్ల గుర్రం, పెద్ద ఫారంలో పుట్టింది, మొదటి రేసు పచ్చిక మీద పరుగెత్తి వెనకబడింది, రెండోది మట్టి ట్రాక్ మీద. చాలా గుర్రాలున్న ఫారం వాళ్ళు ఒకటి రెండు వదులుకోవడంలో వింత లేదు. అమ్మేవాడికి అది ఇంకా తేలని సరుకు. మన మొదటి గుర్రం అలాంటిది కాదు. దాన్ని నాలుగు నెలలు రోజూ దగ్గరుండి చూసినవాడే సగం ధరకు పెడుతున్నాడు.

ఇంట్లో ఇంకో టెన్షన్ కూడా ఉంది. అబ్బాయి వాళ్ళమ్మగారు "సంక్రాంతి కోడిపందేల బరి దగ్గరికే వాణ్ణి ఎప్పుడూ పోనివ్వలేదండి, ఇప్పుడు గుర్రప్పందేలా?" అన్నారు. ఆవిడ అడిగింది న్యాయమే. పందెం కాయడం వేరు, గుర్రాన్ని పోషించడం వేరు అని చెప్పాను. 1996లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందేలు నైపుణ్యం ప్రధానంగా ఉండే ఆట అని తేల్చింది. కానీ ఆవిడ భయానికి కోర్టు తీర్పుతో జవాబు దొరకదు. డబ్బు ఎంతవరకు పోవచ్చో ముందే రాసి, అక్కడ గీత గీయడమే ఆవిడకు నేను ఇవ్వగలిగిన మాట. దాన్ని కేసులో మొదటి పనిగా పెట్టుకున్నాం.

ఏం చేసి చూశాం

ముందు ఖర్చు. వాళ్ళు మాట్లాడుకున్న ట్రైనర్ రోజుకు 85 డాలర్లు తీసుకుంటాడు. డాక్టరు, లాడాలు, రవాణా కలిపి నెలకు మరో 700. అంటే నెలకు సుమారు 3,250. గుర్రం ధర 12,500 మీద ఆ రాష్ట్రంలో 6 శాతం అమ్మకపు పన్ను, మొత్తం 13,250. నలుగురూ వేసుకున్న 24,000లో మిగిలేది 10,750. మూడు నెలలు దాటితే జేబులోంచి తీయాలి.

రాబడి వైపు చూస్తే, ఆ స్థాయి రేసు మొత్తం బహుమతి 24,000. గెలిచిన గుర్రానికి 60 శాతం, అంటే 14,400. అందులో జాకీకి పదో వంతు, ట్రైనర్‌కు పదో వంతు పోతే 11,520 చేతికొస్తాయి. మూడున్నర నెలలకు ఒక గెలుపు ఉంటే నెలవారీ ఖర్చు తేలుతుంది, గుర్రం ధర తేలదు. ఈ లెక్క కాగితం మీద చూశాక స్నేహితుల్లో ఒకరు తప్పుకుంటానన్నారు, తర్వాత ఉండిపోయారు. ఆ మాట అప్పుడే బయటికి రావడం మంచిదైంది.

తర్వాత గుర్రం. అబ్బాయి ఓ పెద్ద స్ప్రెడ్‌షీట్ తయారు చేశాడు. గత రేసుల సమయాలు, స్పీడ్ ఫిగర్లు, ట్రాక్ రకం, జాకీ గెలుపు శాతం, ఏ స్థాయిలో పరుగెత్తింది, అన్నిటికీ మార్కులు. మొదటి గుర్రానికి అందరికన్నా ఎక్కువ వచ్చాయి. శ్రద్ధగా చేసిన పని అది. అయితే పై స్థాయి నుంచి కింది స్థాయికి వస్తే మార్కులు పెరిగేలా సూత్రం ఉంది. పందెం కాసేవాడికి అది సరైన సూత్రమే, ఎందుకంటే అతనికి ఆ ఒక్క రేసుతోనే పని. కొనేవాడికి ఆ రేసు తర్వాత వచ్చే పది నెలలతో పని. ఒకే సమాచారం ఒకరికి ప్లస్ అయితే ఇంకొకరికి మైనస్ అవుతుంది. ఆ షీట్ రేపు ఎవరు గెలుస్తారో చెప్పగలదు, ఎల్లుండి కాలు ఎలా ఉంటుందో దానికి తెలియదు.

ట్రైనర్ను అడిగారు. "తీసుకోండి, నేను నిలబెడతాను" అన్నాడు. గుర్రాల విషయంలో ఆయన అనుభవాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ గుర్రం గెలిచినా, గడ్డి తింటూ నిలబడినా ఆయనకు రోజుకు 85 డాలర్లు వస్తాయి. గుర్రాన్ని ఎలా తయారు చెయ్యాలన్నది ఆయన్ను అడగాలి. కొనాలా వద్దా అన్నది మాత్రం ఆయన ఒక్కడి మాట మీద నడపకూడదు. అవతలి స్టేబుల్ పనివాళ్ళను కదిపితే ఏమైనా తెలుస్తుందేమోనని స్నేహితుల్లో ఒకరన్నారు. క్లెయిముల విషయంలో లోపాయికారీ ఒప్పందాలను రేసింగ్ నిబంధనలు నిషేధిస్తాయి. అటువైపు అడుగే వెయ్యొద్దన్నాను.

ఇక వీడియోలు. కుంటి గుర్రాన్ని పట్టుకోవడానికి ట్రాట్‌ను, అంటే నడకకూ దౌడుకూ మధ్య రకం పరుగును మించింది లేదు. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు తగిలినప్పుడు కిందికి దిగుతుంది. ఉత్తి నడకలో ఇది చాలాసార్లు కనిపించదు, దౌడులో అసలే తెలియదు. చిక్కేమిటంటే, రేసు రోజు గుర్రాలు ప్యాడక్‌లో, అంటే రేసుకు ముందు వాటిని తిప్పి చూపించే ఆవరణలో, నడుస్తాయి. ట్రాక్ మీదికి వచ్చి ట్రాట్ చేసేసరికి స్లిప్ గడువు దాటిపోతుంది. మనకు కావాల్సిన పరీక్ష గడువు తర్వాతే జరుగుతుంది.

కాబట్టి పాత రేసుల వీడియోలు తెప్పించుకుని, పరుగు భాగం వదిలేసి, గేటు దగ్గరికి వెళ్ళేటప్పటి ట్రాట్ మాత్రమే చూశాను. 25,000 రేసులో మొదటి గుర్రం చక్కగా, తల స్థిరంగా పోయింది. 30,000 రేసులో కెమెరా దాని మీద కొద్ది సెకన్లే ఉంది, పక్కన తోడు గుర్రం సగం అడ్డం వచ్చింది. అందులో తల కాస్త ఊగినట్టే ఉంది కానీ పక్కనున్న గుర్రం తాడు లాగినా అలాగే ఉంటుంది. ఆ ముక్కతో ఒక నిర్ణయం కట్టలేను. ఇద్దరు సహ వైద్యులకు చూపిస్తే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు.

దారి ఎక్కడ దొరికింది

ఇది తండ్రి మాటతో తెమిలింది. నేను వాళ్ళింటికి వెళ్ళి పద్ధతంతా చెబుతుంటే ఆయన మధ్యలో ఆపారు.

"డాక్టరు గారండీ, అంటే వల వెయ్యకుండా చెరువు కొనడవన్న మాట."

డెల్టాలో రొయ్య కొనేవాడు ముందు విసురు వల వేస్తాడు. పడిన రొయ్యల్ని తూచి, కిలోకి ఎన్నో లెక్కపెట్టి, ఆ కౌంటును బట్టి ధర కడతాడు. వంద కౌంటు రొయ్యకూ ముప్పై కౌంటు రొయ్యకూ ధరలో చాలా తేడా. ఆయన అలాగే కొనసాగించారు.

"ముప్పై కౌంటుకి వెళ్ళే చెరువుని వంద కౌంటులోనే పట్టేస్తున్నాడంటే, వాడికి నీళ్ళలో ఏదో కనబడిందండి. లేదంటే అప్పులోడు గుమ్మంలో ఉన్నాడు. ఈ రెంటిలో ఏదో తేలకుండా నేనైతే ఆ గట్టెక్కను. వల వెయ్యనివ్వకపోతే చెరువుని చూడకండి, రైతుని చూడండి."

వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు కనబడి రాత్రికి రాత్రే పట్టుబడి చేసిన చెరువులు ఆయన ఎన్నో చూసి ఉంటారు. ఆ మాట విన్నాక నేను గుర్రం కాళ్ళు వదిలి అమ్మేవాడి లెక్క రాయడం మొదలుపెట్టాను.

అతను 25,000 పెట్టాడు. రెండో స్థానంతో కొంత వచ్చింది, అది మేపుకే సరిపోయి ఉంటుంది. ఇప్పుడు 12,500 రేసులో దించి గెలిపించగలిగితే, బహుమతిలో చేతికొచ్చే 11,520, గుర్రాన్ని ఎవరైనా తీసుకుంటే 12,500, కలిపి 24,020. అంటే పెట్టింది దాదాపు మొత్తం ఒక్క సాయంత్రంలో వెనక్కి వస్తుంది. ఓడి గుర్రం పోతే సగం నష్టం. కాబట్టి ధర సగానికి పడినంత మాత్రాన గుర్రం పాడైందని అనలేం. గెలుపు డబ్బూ, అమ్మకం డబ్బూ రెండూ పట్టుకుని బయటపడే ఎత్తుగడ కూడా కావచ్చు. ఇది అక్కడ మామూలుగా జరిగేదే.

కానీ ఆ ఎత్తుగడ వేసేవాడు కూడా ఒక మాట లోపల ఒప్పుకోవాలి. ఈ గుర్రం తన దగ్గరుంటే ఇక ముందు 12,500 కన్నా ఎక్కువ మిగల్చదని. 30,000 స్థాయిలో రెండోది వచ్చిన గుర్రం గురించి, దాన్ని అందరికన్నా బాగా తెలిసిన మనిషి అలా ఎందుకు అనుకుంటాడు? అతను రేసులు మానేస్తున్నాడా? అతని మిగతా గుర్రాలు చూశాం, అన్నీ మామూలు స్థాయిల్లోనే ఉన్నాయి. కొత్తవి కూడా క్లెయిమ్ చేస్తున్నాడు. డబ్బు ఇబ్బందిలా లేదు. విరామంలో గుర్రం చేసిన ప్రాక్టీసు పరుగులు చూస్తే రెండే ఉన్నాయి, రెండూ మూడు ఫర్లాంగులవే, నిదానమైనవే. బాగున్న గుర్రం రేసుకు తయారవుతుంటే సాధారణంగా వారానికో పది రోజులకో ఒక పరుగు నమోదవుతుంది. అప్పులవాడు గుమ్మంలో లేడు. మిగిలింది నీళ్ళు.

ఇక్కడ నిబంధనల సంగతి చెప్పాలి, ఎందుకంటే అబ్బాయి గట్టిగా పట్టుకున్న వాదన ఇదే. ఒకప్పుడు గేటు తెరుచుకున్న క్షణం నుంచి గుర్రం కొన్నవాడిదే, రేసులో కాలు విరిగినా సరే. 2022 జులై 1 నుంచి అమలైన హార్స్‌రేసింగ్ ఇంటెగ్రిటీ అండ్ సేఫ్టీ అథారిటీ నిబంధనల్లో దీనికి రక్షణ ఉంది. గుర్రం ట్రాక్ మీద చనిపోయినా, రేసు తర్వాత అధికారిక వైద్యుడు పరీక్షించి కుంటుతోందనో, ముక్కు నుంచి రక్తం వచ్చిందనో జాబితాలో పెట్టినా క్లెయిమ్ రద్దవుతుంది. "ఇంక భయమేంటి అంకుల్?" అన్నాడు.

మంచి నిబంధన అది. ప్రమాదకరమైన స్థితిలో ఉన్న గుర్రాన్ని ఎవరి నెత్తినో రుద్దే పనిని బాగా కష్టం చేసింది. అయినా ఆ పరీక్ష రేసు అయిన గంటలోపు జరిగేది. ముందు కాలి వెనక టెండన్‌లో (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగంలో) దెబ్బ తగిలితే వేడి, వాపు చాలాసార్లు మర్నాడు పొద్దుటికి గానీ చేతికి తగలవు. పరుగు వేడిలో ఉన్న గుర్రం నొప్పిని దాస్తుంది కూడా. కీలులో స్టెరాయిడ్ ఇంజక్షన్‌ను రేసుకు 14 రోజుల ముందే ఆపాలి, కానీ దాని ప్రభావం అన్ని కీళ్ళలో క్యాలెండరు చూసుకుని తగ్గదు. చికిత్స రికార్డులు కొత్త ట్రైనర్‌కు అందాలన్న నిబంధన ఉంది, అయితే అవి చేతికొచ్చేది కొన్న తర్వాతే. రద్దు నిబంధన పెద్ద ప్రమాదం నుంచి కాపాడుతుంది. మెల్లగా అరిగిపోతున్న కీలు నుంచి కాపాడదు. మనల్ని ముంచేది ఆ రెండోదే, ఎందుకంటే మూడు నెలలు విశ్రాంతి ఇస్తే చేతిలో ఉన్న డబ్బంతా మేపుకే అయిపోతుంది.

ఇవన్నీ కలిపి ఒక పేజీ రాశాం. స్లిప్ వెయ్యకూడని పరిస్థితులు నాలుగు. అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడో కాళ్ళతో సంబంధం లేని కారణం ఒకటైనా దొరకకపోతే వద్దు. ప్రాక్టీసు పరుగుల్లో గండి ఉంటే వద్దు. ఇంతకు ముందు లేని పట్టీలు ముందు కాళ్ళకు కొత్తగా కనబడితే వద్దు. ప్యాడక్‌లో మలుపు తిరిగేటప్పుడు అడుగు కురచగా పడితే వద్దు. నలుగురూ సంతకం పెట్టారు. రేసు రోజు ట్రాక్ దగ్గర ఒకరుండాలి, ఆ ఒక్కరికి ఈ పేజీ దాటి నిర్ణయం తీసుకునే హక్కు ఉండకూడదు. ఉత్సాహం, జనం, లౌడ్‌స్పీకర్ల మధ్య నాలుగైదు నిమిషాల్లో కొత్తగా ఆలోచించడం ఎవరివల్లా కాదు.

రేసు అక్కడ రాత్రి ఎనిమిదికి, మనకు తెల్లవారుజామున అయిదున్నర. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అది, తండ్రి ఎలాగూ గట్టు మీదే ఉంటారు. ఏరేటర్ల హోరులో ఫోన్ చెవికి ఆనించుకుని వింటున్నారు, నేను ఇంట్లో వీడియో కాల్‌లో ఉన్నాను. గుర్రం ప్యాడక్‌లోకి వచ్చింది. నల్లగా మెరిసిపోతోంది, కళ్ళు చురుగ్గా ఉన్నాయి, ఎవరైనా ముచ్చటపడతారు. ముందు కాళ్ళు రెంటికీ తెల్ల పట్టీలు. పాత వీడియోల్లో దేన్లోనూ లేవు. పట్టీలు కట్టినంత మాత్రాన జబ్బు అనుకోనక్కర్లేదు, జాగ్రత్తకు కట్టేవాళ్ళూ ఉన్నారు. కొనేవాళ్ళను బెదరగొట్టడానికి కట్టేవాళ్ళూ ఉన్నారు. కానీ పేజీలో మూడో గీత అది, మొదటి రెండూ ముందే పడ్డాయి. అబ్బాయి స్లిప్ జేబులో పెట్టేసుకున్నాడు.

గుర్రం మూడు లెంగ్తుల, అంటే మూడు గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. ఎవరో క్లెయిమ్ చేశారు.

ఆ వారం ఆ నలుగురికీ కష్టంగా గడిచింది. "మన గుర్రం పోయింది" అని గ్రూపులో రాసుకున్నారు. నేను చెప్పింది ఒకటే. అది గెలుస్తుందని మనకు ముందే తెలుసు, షీట్ చెప్పింది. మనం వద్దనుకున్నది ఆ గెలుపు తర్వాత వచ్చే నెలల్ని. తర్వాత కొన్ని నెలలు దాని పేరు ఏ రేసులోనూ కనిపించలేదు, ఆ తర్వాత 8,000 స్థాయిలో వచ్చింది. దీన్ని మా ఊహకు రుజువుగా నేను చూపించను. ఆ కొత్త స్టేబుల్లో ఏం జరిగిందో మాకు తెలియదు. అది మూడు రేసులు వరసగా గెలిచి ఉన్నా ఆ రోజు మా దగ్గరున్న సమాచారంతో వద్దనడమే సబబు.

రెండో గుర్రం

అదే పేజీ పట్టుకుని వెతికితే ఆరేళ్ళ ఆడగుర్రం ఒకటి దొరికింది. ఏడాదికి పైగా 10,000, 12,500 స్థాయిల్లోనే మూడు నాలుగు వారాలకోసారి పరుగెత్తుతోంది. గొప్ప గెలుపులు లేవు, ఎక్కువసార్లు మొదటి నాలుగులో ఉంటుంది. స్ప్రెడ్‌షీట్‌లో కింది వరసలో ఉంది. దాని పాత వీడియోల్లో ట్రాట్ ఎప్పుడు చూసినా ఒకేలా ఉంది. ఎడమ ముందు కాలు కొద్దిగా బయటికి విసురుతుంది, ఏడాది క్రితం కూడా అలాగే విసిరింది. మారని లోపాన్ని చూసి నేను పెద్దగా భయపడను, కొత్తగా వచ్చిన మార్పునే అనుమానిస్తాను.

అమ్మేవాడి కారణం కూడా కనబడింది. ఆ ట్రాక్‌లో సీజన్ అయిపోతోంది, ఆ ట్రైనర్ ఇంకో రాష్ట్రానికి తరలుతున్నాడు. అదే వారంలో అతని గుర్రాలు మరికొన్ని కూడా క్లెయిమింగ్ రేసుల్లో ఉన్నాయి. ధర తగ్గించలేదు, ఎప్పుడూ పరుగెత్తే 10,000కే పెట్టాడు. ప్యాడక్‌లో పట్టీలు లేవు, మలుపులో అడుగు సమంగా పడింది. స్లిప్ వేశారు. ఇంకొకరు కూడా వేశారు, చీటీలో మనవాళ్ళకు వచ్చింది. రేసులో మూడోది వచ్చింది, ఆ డబ్బు పాత యజమానికి వెళ్ళింది. అధికారిక వైద్యుడి పరీక్షలో తేడా ఏమీ లేదు.

మర్నాడు పొద్దున చెయ్యాల్సిన పనులు ముందే రాసి ఇచ్చాను. నాలుగు కాళ్ళూ తడిమి, వేడి ఎక్కడుందో చూడాలి. గట్టి నేల మీద తిన్నగా ట్రాట్ చేయించి ముందు నుంచి, వెనక నుంచి వీడియో తియ్యాలి. పాత చికిత్స రికార్డులు అడిగి తీసుకోవాలి. ఎడమ ముందు కాలి గిట్ట పై కీలు కొంచెం నిండుగా ఉంది, వేడి లేదు, తల ఊగలేదు. రికార్డులో ఆ కీలుకు కొన్ని నెలల క్రితం ఒక ఇంజక్షన్ ఉంది. అంటే ఆ కాలు మీద కన్నేసి ఉంచాలి, అంతే.

ఏడు నెలల్లో అయిదు రేసులు పరుగెత్తింది. క్లెయిమ్ చేసిన నెల రోజుల దాకా కొన్న ధర కన్నా పై స్థాయిలోనే దించాలన్నది అక్కడి నియమం, కాబట్టి మొదటిది 12,500లో, నాలుగోది వచ్చింది. తర్వాత 10,000లో ఒక రెండో స్థానం, రెండు గెలుపులు, ఒకసారి ఆరో స్థానం. జాకీ, ట్రైనర్ వాటాలు పోగా 23,600 డాలర్ల దాకా చేతికొచ్చాయి. గుర్రం, పన్ను, మేపు కలిపి 33,350 అయింది. అంటే సుమారు పదివేల డాలర్లు బయట ఉన్నాయి, గుర్రం చేతిలో ఉంది. మొదటి గుర్రం కోసం అనుకున్న కల పక్కన ఇది చిన్నగా కనిపించవచ్చు. అబ్బాయి వాళ్ళమ్మగారికి ఇచ్చిన మాట, గీసిన గీత మాత్రం దాటలేదు.

ఇలాంటి కేసు ఇకముందు వస్తే నేను మొదట అడిగే ప్రశ్న మారింది. అంతకు ముందు "గుర్రం ఎలా ఉంది?" అనేవాణ్ణి, అది వైద్యుడికి సహజం. పరీక్ష చెయ్యనివ్వని చోట ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. "అమ్మేవాడు దీన్ని ఇంట్లో ఉంచుకుంటే అతనికి ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు చాలావరకు దొరుకుతుంది, అందుకు కావాల్సిన అంకెలన్నీ బహిరంగంగానే ఉంటాయి. ఇంకొకటి, పెట్టే డబ్బులో గుర్రం ధర సగం దాటకూడదని పట్టుబడతాను. మిగతా సగం చెడ్డ నెలల కోసం. గుర్రం పరుగు మానేశాక దాని పోషణకు కొంత మొదట్లోనే పక్కన పెట్టమంటాను. వీళ్ళు 2,000 డాలర్లు వేరే ఖాతాలో వేశారు. అమెరికాలో రేసు మానిన గుర్రాలను చూసే సంస్థలకు గుర్తింపూ, నిధులూ ఇవ్వడానికి 2012 నుంచి థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్ ఉంది. అలాంటి చోటికి పంపినా, ఎవరైనా స్వారీకి పెంచుకున్నా, మొదటి కొన్ని నెలల ఖర్చు పాత యజమానిగా మనం భరించాలి. మన కోసం పరుగెత్తిన జంతువు అది.

ఇప్పుడు

పోయిన నెల దౌడు తర్వాత ఆ ఎడమ కీలు వేడిగా తగిలింది. ఎక్స్‌రేలో అరుగుదల తొలి ఛాయలు ఉన్నాయి. ట్రైనర్ 7,500 రేసులో దించుదామన్నాడు. "గెలిస్తే డబ్బు వస్తుంది, ఎవరైనా తీసుకుంటే మీ బాధ తీరుతుంది" అని. లెక్క ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు, మొదటి గుర్రం యజమాని వేసిన లెక్క కూడా అదే కావచ్చు. ఈసారి ఆ లెక్క మా చేతిలో ఉంది.

నలుగురూ కాల్‌లో ఉండగా తండ్రిని అడిగారు. "కాలు బాగోలేదని తెలిసి దాన్ని పందెంలోకి తోలొద్దు బాబూ. దానికీ మంచిది కాదు, కొన్నవాడికీ మంచిది కాదు" అన్నారు. రోజుకు 35 డాలర్ల ఫారంలో రెండు నెలల విశ్రాంతికి పంపారు, అది ట్రైనర్ దగ్గర అయ్యే ఖర్చులో సగం కూడా కాదు. విశ్రాంతి అయ్యాక అదే కోణంలో మళ్ళీ ఎక్స్‌రే, గట్టి నేల మీద ట్రాట్ వీడియో పంపమన్నాను. కీలు చల్లబడి, అరుగుదల ముందుకు సాగకపోతే తిరిగి 10,000 రేసుకే తయారు చేయిస్తాం. సాగితే పక్కన పెట్టిన 2,000 తీసి, దానికి మంచి ఇల్లు వెతుకుతాం.